చవక బేస్ గిటార్: అపోహలు, వాస్తవాలు

మొన్నో ఆదివారం ఆరాధన అయిపోయాక వైర్లు చుట్టుకుంటుంటే, ఇంటర్ చదివే కుర్రాడొకడు బేస్ సంచి భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. "అన్నా, దీన్ని ఎవరికైనా అమ్మిపెట్టవా? ఇంకో నాలుగు వేలు కలిపి మంచిది కొనుక్కుంటా" అన్నాడు. ఏమైందిరా అంటే, మొదటి మూడు నాలుగు ఫ్రెట్లలో, అంటే పొడవాటి మెడ (నెక్) మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల దగ్గర, ఎక్కడ నొక్కినా గరగరమంటోందట. కొన్నచోట అడిగితే "ఆ రేటుకి అంతే వస్తుంది బాబూ" అన్నారట. దాన్ని బాగుచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఖర్చు సున్నా.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చర్చిల్లో, అప్పుడప్పుడు ఆర్కెస్ట్రాల్లో పదిహేనేళ్ళుగా బేస్ వాయిస్తున్నాను. అందులో పదకొండేళ్ళు ఎనిమిది వేలకు కొన్న ఒకే సెకండ్ హ్యాండ్ బేస్‌తో గడిపాను. పిల్లలు నా దగ్గరికి తెచ్చే వాటిలో నిజంగా పాడైపోయినవి చాలా తక్కువ. ఎక్కువగా మాటలే పాడైపోయి ఉంటాయి.

అపోహ: గరగరమంటే ఆ బేస్ పనికిరాదు.

వాస్తవం: గరగర వచ్చిందంటే సాధారణంగా తీగ ఎక్కడో ఒక ఫ్రెట్‌కి తగులుతోందని అర్థం. ఎక్కడ తగులుతోందో చూస్తే కారణం చాలావరకు దొరికిపోతుంది.

నాలుగు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు నెక్ మీద 70 కిలోలకు పైనే లాగుడు ఉంటుంది. దానికి ఎదురుగా లాగి పట్టుకోవడానికి నెక్ లోపల ఒక ఇనప కడ్డీ పెడతారు, అదే ట్రస్ రాడ్. నెక్ పూర్తిగా తిన్నగా ఉండకూడదు, ఒక వెంట్రుకవాసి లోపలికి వంగి ఉండాలి. లేకపోతే ఊగే తీగకి చోటు చాలదు.

చూసే పద్ధతి ఇది. బేస్‌ని శ్రుతి చేసి, వాయించే భంగిమలోనే ఒళ్ళో పెట్టుకోండి. అన్నిటికంటే మందపాటిదైన ఈ (E) తీగని ఎడమచేతి చూపుడువేలితో మొదటి ఫ్రెట్ దగ్గర, కుడిచేతి బొటనవేలితో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. ఇప్పుడు ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎంత సందు ఉందో చూడండి. ఒక విజిటింగ్ కార్డు, అంటే దాదాపు 0.3 మిల్లీమీటర్లు, తీగని పైకి లేపకుండా దూరితే చాలు. కుర్రాడి బేస్‌లో కార్డు కాదు కదా, సిగరెట్ కాగితం కూడా దూరలేదు. అలెన్ కీతో ట్రస్ రాడ్‌ని పావు చుట్టు వదులు చేసి, మళ్ళీ శ్రుతి చేసి, పది నిమిషాలు పక్కన పెట్టాం. కార్డు దూరింది, గరగర పోయింది.

రెండే జాగ్రత్తలు. ఒకసారికి పావు చుట్టు మించకూడదు. బలం పెట్టాల్సి వస్తే అక్కడే ఆపేసి తెలిసినవాళ్ళకి చూపించాలి. ట్రస్ రాడ్ విరిగితే దాని రిపేరు ఖర్చు చవక బేస్ ధరను దాటిపోతుంది. ఇంకో మాట: చాలామంది తీగల ఎత్తు తగ్గించడానికి ట్రస్ రాడ్ తిప్పేస్తారు. ఎత్తుకి బ్రిడ్జ్ (తీగలు బాడీకి బిగించే చోటు) దగ్గర సాడిల్ (తీగ ఆనే చిన్న దిమ్మ) స్క్రూలు వేరే ఉన్నాయి. ముందు నెక్, తర్వాత సాడిళ్ళు, ఆఖరున ఇంటోనేషన్, అంటే ఏ ఫ్రెట్ నొక్కినా స్వరం శ్రుతిలో పలికేలా సర్దడం. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్ళీ చేసుకోవాలి. మన కోస్తా ఉక్కపోతకి నెక్ కదులుతూనే ఉంటుంది కాబట్టి ఎండలు ముదిరాక ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి నేను కార్డు పెట్టి చూసుకుంటాను.

అపోహ: వాయించడం అయ్యాక రోజూ తీగలు వదులు చేయాలి, లేకపోతే నెక్ వంగిపోతుంది.

వాస్తవం: వద్దు. పైన చెప్పిన లాగుడూ ట్రస్ రాడ్డూ ఒకదానికొకటి సరిపోయి ఉంటేనే నెక్ నిలకడగా ఉంటుంది. రోజూ వదులు చేసి బిగిస్తుంటే శ్రుతి నిలవదు. మూసిన కారులో ఎండలో వదిలేయడమే అసలు ప్రమాదం.

అపోహ: మూడు నెలలకోసారి తీగలు మార్చాల్సిందే.

వాస్తవం: కొత్త తీగల గణగణ మీకు కావాలా, వద్దా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో డెట్రాయిట్ నగరపు మోటౌన్ సంగీత కంపెనీ రికార్డుల వెనకున్న బేసిస్టు జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ మీద ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు చదునుగా ఉండే) తీగలు వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదు. పాత తీగల మొద్దు శబ్దమే ఆయన ముద్ర అయింది. పైగా కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. "రెండు వేళ్ళతో స్పీడు రావట్లేదు సార్" అని దిగులుపడేవాళ్ళకి ఈ సంగతి చెబుతుంటాను.

మనం ఎక్కువగా వాడేవి రౌండ్‌వౌండ్ తీగలు, అంటే పైన గుండ్రటి సన్నతీగ చుట్టినవి. చుట్టల సందుల్లో చెమట, జిడ్డు, చర్మపు మట్టి దూరితే గణగణ చచ్చిపోతుంది. నీళ్ళలో మరగబెట్టమని యూట్యూబ్ చూసి చెబుతారు. పనిచేస్తుంది, కానీ కొన్నాళ్ళకే. సరిగ్గా ఆరకపోతే తుప్పు కూడా. సెల్‌ఫోన్ రిపేరువాళ్ళు వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవం ఉంటుంది చూశారా, అది నయం. వెడల్పు మూతి గాజుసీసాలో తీగలు చుట్టగా పెట్టి, మునిగేలా ఐపీఏ పోసి, మూత బిగించి ఒక రాత్రి ఉంచండి. పొద్దున తీసి పాత బనియన్ గుడ్డతో తుడిస్తే గుడ్డకి అంటే నలుపు చూసి మీకే సిగ్గేస్తుంది. అది ఇట్టే అంటుకునే ద్రవం, వంటింటి ఛాయలకి తీసుకెళ్ళకండి. ఒక సెట్టుని రెండు మూడుసార్లు ఇలా బతికించవచ్చు. ఆ తర్వాత శ్రుతి చేసే కీ దగ్గర వంగి వంగి తీగే విరుగుతుంది.

అన్నిటికంటే చవకైన ఉపాయం మాత్రం వాయించే ముందు చేతులు కడుక్కోవడం. బిర్యానీ తిని నేరుగా బేస్ పట్టేవాళ్ళున్నారు, పేర్లు చెప్పను.

అపోహ: ఫ్రెట్‌బోర్డుకి (ఫ్రెట్లు బిగించిన చెక్కకి) కొబ్బరినూనె రాస్తే మెరుస్తుంది.

వాస్తవం: మెరుస్తుంది. తర్వాత జిగురు పట్టి, మక్కిన వాసన కొడుతుంది. వార్నిష్ లేని రోజ్‌వుడ్ లాంటి చెక్కకి ఏడాదికి ఒకటి రెండుసార్లు రెండు చుక్కల మినరల్ ఆయిల్ చాలు. వార్నిష్ ఉన్న తెల్లటి మేపుల్‌కి అదీ అక్కర్లేదు, తడిపి గట్టిగా పిండిన గుడ్డ చాలు.

అపోహ: పెద్ద యాంప్ లేకుండా బేస్ కొని లాభం లేదు.

వాస్తవం: బేస్ ఈ (E) తీగని వట్టిగా మీటితే సెకనుకి దాదాపు 41 కంపనాలు. అంత కిందిస్వరాన్ని గట్టిగా వినిపించాలంటే స్పీకర్ బాగా ముందుకీ వెనక్కీ కదలాలి, అందుకే బేస్ యాంప్‌లు పెద్దవిగా, ఖరీదుగా ఉంటాయి. కానీ ఇంట్లో సాధనకి అంత గట్టిగా ఎవరికి కావాలి? పక్కింటివాళ్ళకి అసలు వద్దు. జాక్‌లో గుచ్చుకునే చిన్న హెడ్‌ఫోన్ యాంప్‌తో నేను ఏళ్ళు గడిపాను.

స్నేహితుడి మామూలు గిటార్ యాంప్ ఉందా? సౌండ్ తక్కువ పెట్టుకుని వాయించండి, ఏమీ కాదు. శబ్దం పగిలినట్టు రాగానే తగ్గించండి. ఆ పగులుని పట్టించుకోకుండా వాయిస్తేనే స్పీకర్ పోయేది. గిటార్ యాంప్ కంటే కీబోర్డు యాంప్ ఇంకా మేలు. చర్చిలోనో ఫంక్షన్‌లోనో ఎలాగూ సౌండ్‌వాళ్ళ మిక్సర్ ఉంటుంది. మధ్యలో డీఐ బాక్సు (బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) పెడితే చాలు. బేస్‌ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది. అది బేస్ తప్పు కాదు, పికప్‌కీ (తీగ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) ఆ ఇన్‌పుట్‌కీ పొత్తు కుదరక.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఈ (E) తీగని పట్టుకోలేక తికమకపడుతుంటే, పన్నెండో ఫ్రెట్ మీద వేలు తాకీతాకనట్టు పెట్టి మీటండి. ఒక స్థాయి పైన, దాదాపు 82 కంపనాల దగ్గర మోగుతుంది, యాప్ వెంటనే పట్టేస్తుంది.

అపోహ: యాక్టివ్ బేస్ అంటే గొప్పది, పాసివ్ అంటే తక్కువరకం.

వాస్తవం: యాక్టివ్ బేస్ లోపల బ్యాటరీతో నడిచే చిన్న సర్క్యూట్ ఉంటుంది. పాసివ్‌లో ఉండదు. అంతే తేడా. చాలా యాక్టివ్ బేస్‌లలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఈ ముక్క తెలియని రోజుల్లో అడిగి తెచ్చుకున్న యాక్టివ్ బేస్‌కి రాత్రంతా కేబుల్ అలాగే వదిలేశాను. మర్నాడు క్రిస్మస్ కార్యక్రమంలో రెండో పాట మధ్యలో శబ్దం బరబరలాడి ఆగిపోయింది. రాత్రి పదకొండింటికి ఆ ఊళ్ళో 9 వోల్టుల బ్యాటరీ ఎవడిస్తాడు? మిగతా పాటలన్నీ చప్పట్లు కొట్టాను. బడ్జెట్ తక్కువైతే పాసివ్ కొనండి, టెన్షన్ ఉండదు.

అపోహ: గుయ్‌మని హమ్ వస్తే పికప్ కాలిపోయింది.

వాస్తవం: తీగల మీద చెయ్యి వేసి చూడండి. హమ్ తగ్గితే తీగల గ్రౌండ్ వైరు బాగానే ఉన్నట్టు. చుట్టూ ఉన్న ట్యూబులైటు, ఛార్జర్ల గోలే లోపలికి వస్తోంది. చెయ్యి వేసినా తేడా లేకపోతే బ్రిడ్జ్ కింద గ్రౌండ్ వైరో, జాక్ దగ్గర సోల్డరింగో ఊడి ఉండొచ్చు. రేడియో మెకానిక్ ఐదు నిమిషాల్లో అతికిస్తాడు. దానికంటే ముందు కేబుల్ మార్చి చూడండి. నా దగ్గరికి వచ్చే "పికప్ పోయింది" కేసుల్లో సగం కేబుల్ కేసులే.

వాల్యూమ్ తిప్పితే చరచరమనడం మరో సంగతి. లోపల దుమ్ము పట్టింది. ఎలక్ట్రానిక్స్ సామాన్ల కొట్లో, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది. ఒక పిచికారీ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి.

తీగలు పట్టుకుంటే జిల్లుమన్నా, మైకుకి పెదవి తగిలితే షాక్ కొట్టినా మాత్రం వెంటనే వాయించడం ఆపేయండి. అది ఎర్తింగ్ లోపం. జనరేటర్ మీద నడిచే పందిళ్ళలో, పాత ఇళ్ళలో ఇది మామూలు. హమ్ తగ్గుతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్ళని చూశాను. ప్రాణం మీదికి తెచ్చుకునే పని అది.

అపోహ: ఇప్పుడంతా ఐదు తీగలే, నాలుగు తీగలది కొంటే వేస్ట్.

వాస్తవం: చవక బేస్‌లో ఐదో తీగ చాలాసార్లు బట్టలారేసే తాడులా ఊగుతుంది. తీగల సెట్టూ ఖరీదే. ఇంకా కింది స్వరం కావాల్సిన పాటకి నాలుగు తీగల బేస్‌లోనే ఈ (E) తీగని డి (D) స్వరం దాకా దించుకోండి.

అపోహ: చిన్న చేతులవాళ్ళకి బేస్ కుదరదు.

వాస్తవం: ఫ్రెట్‌కో వేలు అని పట్టుబడితేనే కుదరదు. నిలువు డబుల్ బేస్ వాయించేవాళ్ళు ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ జతగా వాడతారు. కింది స్వరాల దగ్గర అదే పద్ధతి పట్టండి. మామూలు బేస్ తీగ పొడవు 34 అంగుళాలు, 30 అంగుళాల షార్ట్ స్కేల్ కూడా ఉంది.

అపోహ: సెకండ్ హ్యాండ్ అంటే మోసమే.

వాస్తవం: చూసుకుని కొంటే పెద్దగా మోసపోయేదేమీ లేదు. జేబులో అలెన్ కీ, కేబుల్ వేసుకుని వెళ్ళండి. నెక్‌ని తల వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. మెలి తిరిగి ఉంటే దండం పెట్టి వచ్చేయండి. ట్రస్ రాడ్ నట్టు అరిగిపోయి కీ జారిపోతున్నా అంతే. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్టూ నొక్కి వినండి, పట్టే సమయం ఐదు నిమిషాలు. గీతలు, రంగు పోవడం, స్టిక్కర్ల జిగురు మాత్రం బేరానికి పనికొచ్చే లోపాలు, సంతోషించండి.

అపోహ: పెడల్స్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టెలు) ఉంటేనే మంచి టోన్.

వాస్తవం: కుడిచెయ్యి బ్రిడ్జ్ వైపు జరిపి మీటితే గట్టి శబ్దం, నెక్ వైపు జరిపితే గుండ్రటి శబ్దం. ఈ పెడల్ అందరి దగ్గరా ఉంది. కొత్తవాళ్ళ బేస్ బురదగా వినపడటానికి ముఖ్య కారణం వాయించని తీగలు కూడా మోగుతూ ఉండటం. వాటిని ఎడమచేతి ఖాళీ వేళ్ళతో, కుడి బొటనవేలితో అణచడం నేర్చుకోవాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుని హెడ్‌ఫోన్‌లో వింటే ఏ తీగ అల్లరి చేస్తోందో తెలిసిపోతుంది.

పాతకాలపు మొద్దు, పొట్టి శబ్దం కావాలంటే బ్రిడ్జ్ దగ్గర తీగల కింద స్పాంజ్ ముక్క దూర్చండి. తొలినాళ్ళ ఫెండర్లకి బ్రిడ్జ్ మూత కింద ఫోమ్ కంపెనీవాళ్ళే పెట్టి ఇచ్చేవారు. గిన్నెలు తోమే స్పాంజ్ పనికొస్తుంది. కొత్తది తీసుకోండి, సింక్ దగ్గరున్నది ఎత్తుకురాకండి. ఆ తడికి నా సాడిల్ స్క్రూలు రెండు తుప్పుపట్టి ఇప్పటికీ తిరగట్లేదు.