యూట్యూబ్‌లో పెట్టే ముందు వీడియో సైజు తగ్గించాలా? అపోహలు - వాస్తవాలు

పెళ్లి వీడియోలు, నాట్య ప్రదర్శనలు, వంటల ఛానెళ్లు. నా ఎడిటింగ్ పని ఎక్కువగా వీటితోనే. పని పూర్తి చేసి ఫైలు ఇవ్వగానే చాలామంది అనే మాట ఒకటే: "అబ్బో, ఇంత సైజా! కాస్త తగ్గించి ఇవ్వండి, యూట్యూబ్‌లో పెట్టుకోవాలి." నేను తగ్గించనంటే వాళ్లే ఫోన్లో ఏదో యాప్‌లో వేసి తగ్గించుకుంటారు. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్: "వీడియోలో క్లారిటీ లేదండీ. మీ దగ్గర చూసినప్పుడు బాగానే ఉంది కదా?" ఈ ఫోన్లు మరీ ఎక్కువయ్యాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "యూట్యూబ్ ఎలాగూ కుదిస్తుంది. మనమే ముందు కుదించి పెడితే పనైపోతుంది."

మిగతా అపోహలన్నీ కలిపినా ఇంత నష్టం చేయవు. కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

మీరు ఏ ఫైలు ఇచ్చినా యూట్యూబ్ దాన్ని ఉన్నదున్నట్టు ఎవరికీ చూపించదు. మీ ఫైలుని విప్పి, 144పీ, 240పీ, 360పీ, 480పీ, 720పీ, 1080పీ అంటూ విడివిడిగా కాపీలు తయారు చేసుకుంటుంది. మీరిచ్చింది 80 ఎంబీ అయినా 8 జీబీ అయినా ఈ పని జరిగి తీరుతుంది. ముందే కుదించారు కదా అని మీ ఫైలుని వదిలిపెట్టదు. మీరు ఒకసారి నలిపి ఇచ్చినదాన్ని అది ఇంకోసారి నలుపుతుంది. జిరాక్స్ తీసిన కాగితాన్ని మళ్లీ జిరాక్స్ తీయిస్తే అక్షరాలు ఎలా అవుతాయో మీ బొమ్మా అలాగే అవుతుంది.

కారణం కూడా చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే ఈ పని ఇంక చేయరు. ఎన్‌కోడర్, అంటే వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్, ప్రతి ఫ్రేమునీ (వీడియోలో ఒక్కో బొమ్మనీ) పూర్తిగా దాచదు. అక్కడక్కడా ఒక ఫ్రేమును పూర్తిగా ఉంచి, మధ్యలో వచ్చే ఫ్రేముల్లో ఏది కదిలింది, ఏది మారింది అన్నది మాత్రమే రాసుకుంటుంది. బిట్‌రేట్, అంటే ఒక్కో సెకను వీడియోకి ఇచ్చే డేటా (దీన్ని ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి ఇన్ని మెగాబిట్లు అని కొలుస్తారు), చాలకపోతే సన్నని వివరాలను వదిలేస్తుంది. చీర జరీ, జుట్టు, దూరంగా ఉన్న మొహాలు ముందు పోతాయి. వాటి స్థానంలో గడులు, అంచుల చుట్టూ మురికి మిగులుతాయి. ఇప్పుడు ఈ ఫైలు యూట్యూబ్‌కి వెళ్లింది. ఆ గడులు కుదింపు వల్ల వచ్చాయని యూట్యూబ్ ఎన్‌కోడర్‌కి తెలియదు. అవీ బొమ్మలో భాగమే అనుకుని, వాటిని జాగ్రత్తగా కాపాడటానికి తన బిట్లు ఖర్చు పెడుతుంది. అసలు కాపాడాల్సిన మొహానికి మిగిలేది ఇంకా తక్కువ.

తలంబ్రాల సీను చూడండి. ప్రతి గింజా ఒక్కో వైపు ఎగురుతుంది. ఏ ఫ్రేమూ దాని ముందు ఫ్రేములా ఉండదు. పైన పూలు, వెనక ఎల్ఈడీ తెర, పక్కన హోమం పొగ. ఎన్‌కోడర్‌కి ఇంతకంటే కష్టమైన సీను దొరకదు. ఇంట్లో వాళ్లు మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి చూసుకునేదీ ఆ సీనే. అదే, ఒకచోట కూర్చుని ప్రవచనం చెప్పే వీడియో అయితే వెనక గోడ కదలదు, తక్కువ బిట్‌రేట్‌తోనూ బాగానే ఉంటుంది. "మా బావగారు 1 ఎంబీపీఎస్‌లో పెట్టారు, బానే ఉంది కదా" అనేవాళ్లు బావగారు ఏం పెట్టారో కూడా చూడాలి.

లెక్క చాలా తేలిక. సైజు అంటే బిట్‌రేట్‌ని నిడివితో గుణించడమే. 1080పీ, సెకనుకి 25 లేదా 30 ఫ్రేముల వీడియోకి యూట్యూబ్ స్వయంగా సూచించే అప్‌లోడ్ బిట్‌రేట్ 8 ఎంబీపీఎస్. 8 మెగాబిట్లు ఒక ఎంబీ కాబట్టి పది నిమిషాల వీడియో సుమారు 600 ఎంబీ వస్తుంది. దాన్ని యాప్‌లో వేసి 80 ఎంబీ చేశారంటే మిగిలింది 1 ఎంబీపీఎస్ చిల్లర. 4కే అయితే వాళ్లు సూచించేది 35 నుంచి 45. సెకనుకి 60 ఫ్రేములుంటే 1080పీకి 12, 4కేకి 53 నుంచి 68. నా వరకు నేను 1080పీకి 16 నుంచి 20 దాకా ఇస్తాను. తలంబ్రాలు, బాణసంచా, నాట్యం ఉంటే ఇంకొంచెం పైకే వెళ్తాను. హ్యాండ్‌బ్రేక్ (వీడియో ఫైళ్లని మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు బిట్‌రేట్ జోలికి పోకుండా ఆర్‌ఎఫ్ అనే క్వాలిటీ సెట్టింగ్‌ని 18 దగ్గర పెట్టుకుంటే చాలు. ఆ అంకె తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది, తలకిందులుగా అర్థం చేసుకోకండి. మిగతా సెట్టింగులు మామూలే: ఎంపీ4 ఫైలు, వీడియో కుదింపుకి హెచ్264 హై ప్రొఫైల్, ఆడియో ఏఏసీ, 48 కిలోహెర్ట్‌జ్.

ఈ అపోహ వెనక ఒక మంచి మనసు కూడా ఉంటుంది, దాన్ని కాదనలేను. "మా ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం. పెద్ద ఫైలు పెడితే అమ్మమ్మ ఫోన్లో ఆడదు, డేటా అంతా అయిపోతుంది" అంటారు. అమ్మమ్మ ఫోనుకి వెళ్లేది మీ ఫైలు కాదు. యూట్యూబ్ చేసుకున్న కాపీల్లో ఆవిడ సిగ్నల్‌కి సరిపడేది, 240పీయో 360పీయో వెళ్తుంది. మీరు 600 ఎంబీ పెట్టినా 6 జీబీ పెట్టినా ఆవిడ డేటా దాదాపు అంతే ఖర్చవుతుంది. పైగా మంచి ఫైలు నుంచి చేసిన 360పీ, నలిగిన ఫైలు నుంచి చేసిన 360పీ కంటే శుభ్రంగా ఉంటుంది. ఆవిడ మీద ప్రేమ ఉంటే పెద్ద ఫైలే పెట్టండి. మీ సొంత వెబ్‌సైట్‌లో ఒకే ఒక్క ఫైలు పెట్టి నేరుగా ఆడిస్తుంటే మాత్రం సంగతి వేరు. అక్కడ కాపీలు చేసేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి సైజు మీరే చూసుకోవాలి.

ఇక వాట్సాప్. మామూలు వీడియోగా పంపితే అది సైజు బాగా తగ్గించేస్తుంది. హెచ్‌డీ అని నొక్కినా తగ్గిస్తుంది, కాకపోతే కాస్త తక్కువ. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఈ ఒక్క తేడా తెలియక పోయిన వీడియోలు ఎన్నో నా కళ్ల ముందున్నాయి.

ఒక కూచిపూడి టీచర్ గారు తన శిష్యురాలి రంగప్రవేశం వీడియో పట్టుకుని వచ్చారు. అమ్మాయి తరంగం చేస్తోంది, ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు, తల మీద చెంబు. వీడియోలో పాదాలు కనపడవు. పళ్లెం చుట్టూ పసుపు రంగు మసక తప్ప ఏమీ లేదు. తరంగంలో చూడాల్సింది ఆ పాదాలనే కదా. "ఏదైనా చేసి క్లియర్ చేయండి, పిల్ల అమెరికాలో యూనివర్సిటీకి పంపుకోవాలి" అన్నారు. వీడియోగ్రాఫర్ పంపిన వాట్సాప్ వీడియోనే అప్‌లోడ్ చేశారు. అతన్ని అడిగితే కార్డు ఎప్పుడో ఫార్మాట్ చేసి ఇంకో ఫంక్షన్ తీశానన్నాడు. ఏఐ టూల్స్‌తో ప్రయత్నించమని ఆవిడ పిల్లలు సలహా ఇచ్చారు. ఆ టూల్స్ మొహాన్ని నున్నగా చేస్తాయి, లేని వేళ్లు గీస్తాయి. ఆ అమ్మాయి పళ్లెం మీద పాదం ఎలా తిప్పిందో వాటికి తెలియదు. టీచర్ గారు ఏడ్చినంత పని చేశారు. నాకూ చాలా బాధ అనిపించింది, ఎందుకంటే కావలసిందల్లా ఒక పెన్‌డ్రైవ్.

కాబట్టి డబ్బులు పూర్తిగా ఇచ్చే ముందే మీ వీడియోగ్రాఫర్ దగ్గర మాస్టర్ ఫైలు (క్వాలిటీ తగ్గించని అసలు ఫైలు) పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో తీసుకోండి. దూరంలో ఉంటే డ్రైవ్ లింక్ అడగండి. ఇంటర్నెట్ నెమ్మది అని భయపడకండి. అప్‌లోడ్ స్పీడు 5 ఎంబీపీఎస్ ఉన్నా 600 ఎంబీ పదహారు నిమిషాల పని. డౌన్‌లోడ్ స్పీడు ఎక్కువున్నా అప్‌లోడ్ తక్కువగా ఉండే కనెక్షన్లు ఉంటాయి, అప్పుడు రాత్రి పెట్టి పడుకోండి.

అపోహ: "అప్‌లోడ్ చేయగానే మసకగా ఉంది, వీడియో పాడైపోయింది."

పాడవలేదు, కంగారు పడకండి. యూట్యూబ్ ముందు తక్కువ క్వాలిటీ కాపీ తయారు చేసి చూపిస్తుంది. హెచ్‌డీ, 4కే కాపీలు తర్వాత వస్తాయి. గంట నిడివి ఉన్న 4కే వీడియోకి కొన్ని గంటలు కూడా పట్టవచ్చు. ఒక పెళ్లికూతురి నాన్నగారు రాత్రి పన్నెండుకి ఫోన్ చేశారు, గొంతు వణుకుతోంది. బంధువులందరికీ లింక్ పంపేశారు, చూస్తే బొమ్మ మసక. డిలీట్ చేసి మళ్లీ పెడుతున్నారు, మళ్లీ మసకే, మళ్లీ డిలీట్. డిలీట్ చేస్తే పాత లింక్ పోతుంది, దాని మీద వచ్చిన వ్యూసూ కామెంట్లూ పోతాయి. ఆ లింక్ అలాగే ఉంచి ఫైలు మార్చే దారి లేదు. అంత టెన్షన్ పడాల్సిన పనే లేదు. ముందు రోజే అన్‌లిస్టెడ్‌గా (లింక్ ఉన్నవాళ్లకే కనపడేలా) పెట్టండి, సెట్టింగుల్లో 1080పీ కనపడేదాకా ఆగండి, ఆ తర్వాత పబ్లిక్ చేయండి. చూసేటప్పుడు కూడా క్వాలిటీ ఆటోలో ఉందేమో ఒకసారి చూసుకోండి. మీ ఫోను 360పీలో ఆడిస్తుంటే తప్పు వీడియోది కాదు.

అపోహ: "1080లో తీసింది 4కేకి పెంచితే క్లారిటీ పెరుగుతుంది."

కెమెరా పట్టని వివరం ఎక్స్‌పోర్ట్‌లో (ఎడిటింగ్ అయ్యాక ఫైలు బయటికి తీయడంలో) పుట్టదు. అయితే ఈ పుకారు చావకపోవడానికి ఒక కారణం ఉంది. చిన్న ఛానెళ్ల 1080పీ వీడియోలకి యూట్యూబ్ తరచుగా 2003 నాటి హెచ్264 కాపీతో సరిపెడుతుంది. 1440పీ, ఆ పైన ఉంటే ఇంకా కొత్త కుదింపు పద్ధతులైన వీపీ9 లేదా ఏవీ1 కాపీలు చేస్తుంది, బిట్‌రేట్ కూడా ఎక్కువిస్తుంది. అందువల్ల పెంచి పెట్టిన వీడియోలో గడులు తగ్గినట్టు కనిపిస్తాయి, అదీ చూసేవాళ్లు ఆ క్వాలిటీ ఎంచుకుంటేనే. నాట్యం, తలంబ్రాల వంటివి ఉంటే 1440పీకి పెంచడం నేను తప్పనను. మాట్లాడే వీడియోలకి దండగ.

అపోహ: "బిట్‌రేట్ ఎంత పెంచితే అంత మంచిది." 1080పీకి 100 ఎంబీపీఎస్ పెట్టినా చివరికి చూసేవాడికి అందేది యూట్యూబ్ కాపీయే. నష్టం లేదు కానీ మీ రాత్రి అంతా అప్‌లోడ్‌కే పోతుంది.

అపోహ: "60 ఫ్రేములకి మారిస్తే స్మూత్‌గా ఉంటుంది." తీసిన ఫ్రేమ్‌రేట్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేయండి. 25లో తీసింది 60 చేస్తే ఫ్రేములు రెట్టించి కుదుపు వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి ఇండోర్‌లో 25 ఫ్రేములు, షట్టర్ 1/50 (సెకనులో యాభయ్యో వంతు) పెట్టి తీస్తే లైట్ల మినుకులు కూడా తగ్గుతాయి. ఫోన్లో తీసిన వీడియోలో పెదాలు ఒకటి, మాట ఒకటి అయితే చాలాసార్లు అది ఫ్రేమ్‌రేట్ నిలకడగా లేకపోవడం వల్ల. ఎడిటింగ్‌కి ముందే హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్‌కి మార్చుకోండి.

అపోహ: "టైటిల్ అక్షరాలు పాకినట్టు ఉన్నాయంటే రెండర్ (ఎక్స్‌పోర్ట్) తప్పు." చాలాసార్లు రంగు తప్పు. ఆన్‌లైన్ వీడియోలో వెలుతురు సమాచారం పూర్తిగా ఉంటుంది, రంగు సమాచారం నిలువుగా సగం, అడ్డంగా సగం. ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ మీద ఆకుపచ్చ అక్షరాలు వేస్తే అంచులు పాకక మానవు. మన ఒత్తులు, గుణింతాలు సన్నగా ఉంటాయి కాబట్టి ముందు అవే చెదిరిపోతాయి. తెల్ల అక్షరాలకి ముదురు అంచు వేయండి, కాస్త లావు ఫాంట్ తీసుకోండి.

అపోహ: "పాత పెళ్లి క్యాసెట్ ఎలా ఉంటే అలా ఎక్కించేయొచ్చు." వీహెచ్‌ఎస్, మినీడీవీ ఫుటేజ్ ఇంటర్‌లేస్డ్‌గా ఉంటుంది, అంటే గీత విడిచి గీతగా సెకనుకి 50 సగం బొమ్మలు. అలాగే పెడితే మనుషులు కదిలినప్పుడల్లా అడ్డగీతలు పడతాయి, కుదించాక అవి శాశ్వతంగా బొమ్మలో కలిసిపోతాయి. ముందు డీఇంటర్‌లేస్ చేసి (ఆ సగం బొమ్మల్ని పూర్తి బొమ్మలుగా మార్చి) అప్పుడు పెట్టండి. చేసినదాన్ని వేరే ఫైలుగా సేవ్ చేసుకోండి. క్యాసెట్ నుంచి దింపిన అసలు ఫైలుని మాత్రం ముట్టుకోకండి, ఆ క్యాసెట్‌కి బూజు పట్టాక మీ దగ్గర మిగిలేది ఆ ఫైలు ఒక్కటే.