డ్రిల్లు పీరియడ్ ఎప్పుడు పోయింది?

మా అమ్మాయి చదివే స్కూల్ ఐదంతస్తుల బిల్డింగ్. శనివారం పొద్దున కింద సెల్లార్‌లో, టీచర్ల స్కూటర్లు ఓ పక్కకి జరిపి, పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు పైకీ కిందికీ ఆడిస్తారు. దాని పేరు గేమ్స్ పీరియడ్. పిల్లర్లకి పసుపు నలుపు చారలున్నాయి, బండ్లు గుద్దుకోకుండా వేసినవి, ఇప్పుడవి పిల్లలు గుద్దుకోకుండా పనికొస్తున్నాయి. అడ్మిషన్ రోజు నేను చాలా అడిగాను: ఫీజు ఎన్ని విడతలు, బస్సు మా సందు దాకా వస్తుందా, ఫౌండేషన్ కోర్సు ఏ క్లాసు నుంచి. గ్రౌండ్ ఎక్కడుందని మాత్రం అడగలేదు. కాబట్టి ఇందులో తప్పంతా స్కూలుదే అని రాయడానికి నాకు మొహం చెల్లదు.

అసలు ఇక్కడి దాకా ఎలా వచ్చాం అని వెనక్కి తవ్వుకుంటూ పోతే కథ చాలా పాతది.

మన బడుల్లోకి ఒంటి సంగతి మొదట వచ్చింది ఆట పేరుతో కాదు, డ్రిల్లు పేరుతో. తెల్లవాళ్ల పటాలంలో సిపాయిలకి నేర్పే కవాతునే కాస్త మెత్తబరిచి పిల్లలకి పెట్టారు. ఇప్పటికీ మనం అనే ‘స్టాండెటీజ్’ అక్కడిదే. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గుండె మీద ఏనుగుని నిలబెట్టుకున్నాడని అందరికీ తెలుసు కానీ, సర్కస్‌కి ముందు ఆయన మద్రాసు సైదాపేటలో ఏడాది వ్యాయామ శిక్షణ తీసుకుని, సర్టిఫికెట్ పట్టుకొచ్చి, విజయనగరంలో బడి పిల్లలకి డ్రిల్లు మాస్టారుగా పనిచేశాడన్నది తక్కువమందికి గుర్తుంటుంది. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ తరఫున వ్యాయామ ఉపాధ్యాయుల కోసం ఒక శిక్షణ బడి పెట్టాడు, ఆసియాలో అలాంటిది అదే మొదటిదంటారు. తెలుగు జిల్లాల్లో చాలా భాగం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కదా, కవాతు పక్కన వాలీబాల్, బాస్కెట్‌బాల్ లాంటివి మన హైస్కూళ్ల దాకా వచ్చింది ఆ దారిలోనే. కబడ్డీ, కోకోలని ఎవరూ తేనక్కర్లేదు, అవి ముందు నుంచీ ఉన్నవే. సున్నంతో గీత గీస్తే చాలు.

నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో పైకప్పు కారేది, ల్యాబ్‌కి తాళం తీసింది నేను చూడలేదు, కానీ గ్రౌండ్ మాత్రం ఎకరాల్లో ఉండేది. ఆఖరి పీరియడ్‌కి విజిల్ వినపడితే చెప్పులు చెట్టు కింద వదిలేసి పరుగు. ఆడపిల్లలకి టెన్నికాయిట్ రింగు ఒకటి ఇచ్చి వాళ్లని గోడ పక్కకి పంపేసేవాళ్లు, అది వేరే కథ, మళ్లీ వస్తాను దాని దగ్గరికి. పాత రోజులు బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ గ్రౌండ్‌లో పరిగెత్తే పిల్లల్లో పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లు చాలామంది, ప్రేయర్‌లో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు వారానికి ఒకరైనా ఉండేవాళ్లు. నేల ఉంది, తిండి లేదు.

తిండి దగ్గరే మన హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లు ప్రపంచానికి ఒక పెద్ద విషయం చెప్పాయి, మనకే పెద్దగా పట్టలేదు. అంగన్‌వాడీ పథకం 1975లో మొదలైనా అన్ని బ్లాకులకీ ఒకేసారి రాలేదు, కొన్నిటికి ముందు, కొన్నిటికి తర్వాత. ఆ తేడాని వాడుకుని 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కొన్ని ఊళ్లలో గర్భిణులకి, ఆరేళ్ల లోపు పిల్లలకి రోజూ ఉప్మా లాంటి పోషకాహారం పెట్టించారు, పక్క ఊళ్లలో పథకం ఇంకా రాలేదు. పదిహేనేళ్ల తర్వాత, 2003-05లో, ఆ పిల్లల్ని మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. 29 ఊళ్లు, వెయ్యికి పైగా పిల్లలు, 13 నుంచి 18 ఏళ్ల వయసు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. అంటే చిటికెన వేలు వెడల్పు, ఇంతేనా అనిపిస్తుంది. కానీ వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిగుసుకుని ఉన్నాయి, అంటే నలభై ఏళ్లకి రాబోయే షుగరు, గుండెజబ్బుల లెక్క ఊహ తెలియని వయసులో తిన్న ఉప్మా దగ్గరే కొంత తేలిపోతోందేమో. ఆ పిల్లలు బడిలో కూడా ఎక్కువ క్లాసులు చదివారని ఆ తర్వాత చేసిన లెక్కల్లో కనిపించింది.

ఇంకోటి కూడా మన దగ్గరిదే. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యంగ్ లైవ్స్ అనే అధ్యయనం మొదలైంది, శ్రీకాకుళం నుంచి అనంతపురం, మహబూబ్‌నగర్ దాకా మూడు వేల మంది పిల్లల వెంట ఏళ్ల తరబడి తిరిగారు. అదే సమయానికి కరువు. ఇటు సుప్రీంకోర్టు 2001 నవంబర్ ఆదేశం తర్వాత 2003 జనవరి నుంచి మన బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. కరువులో ఎదుగుదల దెబ్బతిన్న పసిపిల్లల్లో బడికొచ్చి ఈ భోజనం తిన్నవాళ్లు ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చుకున్నారని తేలింది. రెండేళ్లలోపు పోయింది ఇక తిరిగి రాదు అనే మాట అంత కచ్చితం కాదన్నమాట, బడి తలుచుకుంటే కొంత తిరిగి తేగలదు.

అయితే కడుపు నిండితే సరిపోతుందా? సరిపోదని జమైకాలో చూశారు. 1986-87లో కింగ్‌స్టన్ బస్తీల్లో ఎదుగుదల ఆగిన 129 మంది పసివాళ్లని తీసుకుని, కొందరికి పాలపొడి, కొందరికి ఆట, కొందరికి రెండూ ఇచ్చారు, కొందరికి ఏదీ ఇవ్వలేదు. ఆట అంటే వారానికోసారి ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి, ఖాళీ డబ్బాలతో చేసిన బొమ్మలతో తల్లి చేతే బిడ్డని గంటసేపు ఆడించడం. రెండేళ్లు సాగింది. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆడించిన పిల్లల సంపాదన దాదాపు 25 శాతం ఎక్కువ. ఒట్టి పాలపొడి ప్రభావం అంత దూరం రాలేదు. మా నాయనమ్మ మనవడిని కాళ్ల మీద కూర్చోబెట్టుకుని ఊపుతూ పాడేది, చెమ్మచెక్కలాడించేది, ఎవరూ దాన్ని పథకం అనలేదు.

సరే, తిండీ ఆటా చదువూ ఒకే కప్పు కింద పెడితే ఎలా ఉంటుందో కూడా మనవాళ్లు చాలా ముందే చేసి చూపించారు. 1971లో, పీవీ నరసింహారావు చొరవతో, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు. ఆ మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి. పల్లెటూరి పిల్లాడు, పరీక్ష రాసి వస్తే చాలు, పడక, మూడు పూటలా తిండి, తెల్లారకముందే పీటీ, తర్వాత క్లాసులు, సాయంత్రం ఆటలు, రాత్రి స్టడీ అవర్. అక్కడ చదివినవాళ్లెవరినైనా కదిపి చూడండి, లెక్కల కంటే ముందు చలిలో పరుగు గురించి చెబుతారు, దాన్ని ఎంత తిట్టుకున్నారో కూడా.

ఆ తర్వాత ‘రెసిడెన్షియల్’ అనే మాట రెండుగా చీలింది. 1986 నుంచి ఎంసెట్ వచ్చింది, ఇంజినీరింగ్ సీటుకి ర్యాంకే దారి అయింది, 90ల్లో కాలేజీలు, సాఫ్ట్‌వేర్, అమెరికా అన్నీ కలిసొచ్చాయి. గుంటూరు, విజయవాడల్లో మొదలైన కోచింగ్ పద్ధతి హైదరాబాద్‌కి పాకింది. కార్పొరేట్ కాలేజీలు గురుకులం నుంచి పడకనీ స్టడీ అవర్‌నీ తీసుకున్నాయి, గ్రౌండ్‌ని వదిలేశాయి. ఎందుకంటే లెక్క సింపుల్: సిటీలో ఎకరం నేల కొంటే ఫీజు రాదు, అదే నేల మీద అంతస్తులు కడితే వస్తుంది, పైగా గంట ఆడితే గంట చదువు పోతుందని పేరెంట్సే అంటారు. నా ఇంటర్ రెండేళ్లూ అలాంటి ఒక హాస్టల్లోనే గడిచాయి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు టెర్రస్ మీదికి వదిలేవాళ్లు, చుట్టూ ఇనప జాలీ. బట్టలారేసిన తీగల మధ్య చుట్టిన సాక్సులతో క్రికెట్ ఆడేవాళ్లం, బంతి జాలీలో ఇరుక్కుంటే అవుట్. ఆ రెండేళ్లలో నాకు పన్నెండు కిలోలు పెరిగాయి, కళ్లజోడు వచ్చింది. ర్యాంకు కూడా వచ్చిందిలెండి, కాబట్టి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. ఆత్మహత్యల వార్తలు వచ్చినప్పుడల్లా కమిటీలు వేశారు, ఆటలు ఉండాలన్నారు, సెలవులివ్వాలన్నారు, మరుసటి జూన్‌కి మళ్లీ అదే టైంటేబుల్. తర్వాతర్వాత ఆ ఇంటర్ పద్ధతే ఆరో తరగతి దాకా దిగింది.

కళ్లజోడు సంగతి ఊరికే అనలేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 2010 నుంచి మూడేళ్లు కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. దూరం చూపు తగ్గినవాళ్లు అక్కడ 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5. మందు లేదు, చుక్కలు లేవు, ఎండ వెలుతురు అంతే. సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ కింద చేతులూపితే అది రాదు.

మరి చట్టం ఏమంటుంది? 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, దాని చివర్లో ఒక షెడ్యూల్ ఉంది. బడికి ఉండాల్సినవాటిలో ఆటస్థలం ఒకటి. ఎంత ఉండాలి? అక్కడ కొలత లేదు. ఆటవస్తువులు ప్రతి తరగతికీ ‘అవసరాన్ని బట్టి’. వ్యాయామం నేర్పే మనిషి ఎవరంటే, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే పార్ట్‌టైమ్ బోధకుడు. ఒకటి నుంచి ఐదు దాకా ఆ మాటే లేదు, అసలు ఒళ్లు కుదురుగా నిలవని వయసు అదే. అందుకే మా సెల్లార్ కాగితం మీద ఏమని రాసుందో నాకు తెలుసుకోవాలని కూడా లేదు.

ఇంకోవైపు గురుకులాల దారి ఆగిపోలేదు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాలకి చెందిన మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు కూడా నిండకముందే, ఖమ్మం జిల్లాకి చెందిన ఆనంద్‌కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. మొదటి శిక్షణ భువనగిరి గుట్ట రాతి మీదే. పేపర్లలో రికార్డు గురించి రాశారు, నాకు మాత్రం వేరేది ముఖ్యం అనిపించింది: కూలిపని చేసే ఇంటి ఆడపిల్లని ఒక బడి ‘నువ్వు ఎక్కగలవా’ అని అడిగింది, ఆ అడగడానికి ముందు కొన్నేళ్లు అన్నం పెట్టింది.

ఇక గోడ పక్కకి పంపేసిన టెన్నికాయిట్ రింగు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 11 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి గంట కదలిక ఉండాలి. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 81 శాతం మందికి అది లేదు, ఇండియాలో 74 శాతం దాకా. మనం కొంచెం నయం అని సంబరపడే లోపు కారణం చదవాలి. మగపిల్లలు వీధి క్రికెట్ వల్ల, ఆడపిల్లలు ఇంటిపనుల వల్ల కావచ్చన్నారు నిపుణులు. అంటే బిందె మోయడం, ఇల్లూడ్చడం మన లెక్కలో వ్యాయామంగా పడిందన్నమాట!

తిండి లెక్క కూడా ముగిసిపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1. తెలంగాణలో అంతకుముందు సర్వేలో 28 ఉండేది, అంటే పెరిగింది. రక్తహీనత అయితే తెలంగాణ పసివాళ్లలో 70 శాతం. ఒకే రాష్ట్రంలో ఒక బిడ్డ తిండి చాలక పొట్టిగా, ఇంకో బిడ్డ కదలిక లేక బొద్దుగా పెరుగుతున్నారు, ఇద్దరి ఫైళ్లూ వేరువేరు శాఖల్లో ఉంటాయి. గ్రౌండ్ ఫైలు ఎవరి దగ్గరుందో మరి.

మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఎట్టకేలకు అడిగాను, గ్రౌండ్ సంగతేంటని. మేడమ్ నవ్వి, వచ్చే ఏడాది టెర్రస్ మీద ఆకుపచ్చ టర్ఫ్ వేయిస్తున్నామండీ, ఫీజులో కొద్దిగా తేడా ఉంటుంది అన్నారు. చుట్టూ ఇనప జాలీ కూడా వేస్తారట, సేఫ్టీ కోసం.