సోనామసూరి బస్తా వెనక నల్ల సముద్రం

2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. వెంటనే అమెరికాలోని ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్లు బారులు తీరారు. సోనామసూరి బస్తాల కోసం తోసుకుంటున్న వీడియోలు వాట్సాప్ గ్రూపులన్నిటా తిరిగాయి. చాలామంది నవ్వుకున్నారు. నాకు మాత్రం దానికి మూడు రోజుల ముందు సంగతి గుర్తొచ్చింది. ఉక్రెయిన్ ధాన్యం ఓడలు నల్ల సముద్రం దాటడానికి వీలు కల్పించిన ఒప్పందం నుంచి జులై 17న రష్యా తప్పుకుంది. రష్యా తప్పుకోవడమే మన నిషేధానికి కారణమని అనను. అప్పుడు మన దగ్గర వానల్ని దెబ్బతీసే ఎల్‌నినో భయం ఉంది, బియ్యం ధర ఏడాదిలో 11.5 శాతం పెరిగిందని కేంద్రమే చెప్పింది. కానీ రెండు దెబ్బలూ పడింది ఒకే తిండి గింజల బజారు మీద.

ఇలాంటి ముడులు విప్పడమే పనిగా పెట్టుకున్న జర్నలిస్టు ఒకరున్నారు. పేరు నఫీజ్ అహ్మద్. బంగ్లాదేశ్ మూలాలున్న బ్రిటిష్ పరిశోధకుడు. వాతావరణం, ఇంధనం, తిండి, ఆర్థికం, ఉగ్రవాదం, సైనికీకరణ, ఈ ఆరింటినీ ఒకే సంక్షోభంగా చూడాలంటూ 2010లో ఒక పుస్తకం రాశారు.

ఆ ఆలోచన ఆయనతో మొదలైంది కాదు. జనాభా, తిండి, పరిశ్రమలు, ఖనిజాలు, కాలుష్యం ఒకదాన్నొకటి ఎటు నెడతాయో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్‌లో లెక్కగట్టి 1972లోనే నివేదిక ఇచ్చారు. మరుసటి ఏడాదే చమురు సంక్షోభం వచ్చింది. ఫ్రెంచ్ తత్వవేత్త ఎడ్గార్ మొరాన్ 1990లలో ఇలా ఒకదానితో ఒకటి ముడిపడ్డ సంక్షోభాలను ‘పాలీక్రైసిస్’ అన్నారు. అయినా అది చాలాకాలం మేధావుల మాటగానే ఉండిపోయింది.

మామూలు జనానికి అది కంచంలో కనిపించింది 2007-08లో. చమురు ధర ఎక్కుతూ పోయి 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లు తాకింది. డీజిల్ పెరిగితే ట్రాక్టర్, మోటారు, లారీ, ఓడ అన్నిటి ఖర్చూ పెరుగుతుంది. యూరియా తయారయ్యేది ఎక్కువగా సహజవాయువు నుంచే, చమురుతో పాటు అదీ పెరిగితే ఎరువూ పెరుగుతుంది. మరోపక్క అమెరికాలో మొక్కజొన్న ఇథనాల్‌గా మారి కార్లలోకి పోసాగింది. మన దేశం 2007 అక్టోబర్‌లో బియ్యం ఎగుమతికి కళ్లెం వేసింది, వియత్నాం కూడా అదే పని చేసింది. అప్పుడు బియ్యానికి నిజంగా కరువేమీ లేదు. అయినా టన్ను 400 డాలర్ల లోపున్న థాయ్ బియ్యం కొద్ది నెలల్లోనే వెయ్యి డాలర్ల దగ్గరకు వెళ్లింది. హైతీలో ఆకలి అల్లర్లు చెలరేగి 2008 ఏప్రిల్‌లో ప్రధాని పదవే పోయింది. సెప్టెంబర్‌లో అమెరికా పెద్ద బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది.

అహ్మద్ లోతుగా తవ్విన దేశాల్లో సిరియా ఒకటి. ఆ దేశపు చమురు ఉత్పత్తి 1990ల మధ్యలో రోజుకు సుమారు 6 లక్షల బ్యారెళ్లు. 2010కి 4 లక్షల లోపుకు పడిపోయింది. చమురు డబ్బు తగ్గడంతో ప్రభుత్వం 2008లో డీజిల్ సబ్సిడీ కోసింది, ధర ఒక్కసారిగా మూడు రెట్లు దాటింది. ఈశాన్య జిల్లాల్లో అప్పటికే కరువు. బోర్ల మీద బతికే రైతుకు ఇటు వాన లేదు, అటు మోటారుకు డీజిల్ కొనే స్తోమత లేదు. ఊళ్లకు ఊళ్లు పట్టణాల శివార్లకు తరలిపోయాయి. 2011 మార్చిలో, గోడ రాతలు రాశారని పిల్లల్ని పోలీసులు పట్టుకెళ్లాక, దక్షిణ సిరియా పట్టణం దరాలో తిరుగుబాటు మొదలైంది. కరువే యుద్ధం తెచ్చిందనే మాటను కొందరు పరిశోధకులు గట్టిగా కాదంటారు. నేనూ వాళ్లతోనే ఏకీభవిస్తాను. పిల్లల్ని పట్టుకెళ్లి హింసించిన పాలనను వదిలేసి నేరం వానమీద వేయడం న్యాయం కాదు. కానీ డీజిల్ ధర సంగతి వదిలేసినా ఆ రైతు కథ అర్థం కాదు.

అన్నీ కలిపి చూసేవాడికి లేని ముడి కూడా కనిపించే ప్రమాదం ఉంది. నాగరికతల పతనంపై వచ్చిన ఒక అధ్యయనాన్ని 2014 మార్చిలో అహ్మద్ ‘నాసా నిధులతో’ జరిగిందంటూ బ్రిటిష్ పత్రిక గార్డియన్‌లో రాస్తే ప్రపంచమంతా పాకింది. దాన్ని తాము అడిగి చేయించలేదని, సమీక్షించలేదని నాసా ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే గార్డియన్‌తో ఆయన బంధం తెగింది. తర్వాత పాఠకుల విరాళాలతో సొంత వేదిక పెట్టుకున్నారు.

ఆయన లోపాలు ఎన్నున్నా ఆ చూపు మన పత్రికలకు కావాలి. మన దగ్గర వరి సంగతి జిల్లా పేజీలో, చమురు బిజినెస్ పేజీలో, యుద్ధం అంతర్జాతీయ పేజీలో ఉంటాయి. వాటిని కలిపి చదివే డెస్కు ఏదీ ఉండదు.

ఆ బియ్యం కథలోనే మన కంటపడని ముక్క ఒకటుంది. తెల్ల బియ్యం కన్నా ముందే, 2022 సెప్టెంబర్‌లో నూకల ఎగుమతిని ఆపేశారు. పశ్చిమ ఆఫ్రికా దేశం సెనెగల్‌లో పేదా గొప్పా తేడా లేకుండా వండుకునేది నూకలే, అవి ఎక్కువగా మన దగ్గర్నుంచే వెళ్లేవి. సోనామసూరి మీద నిషేధం 2024 సెప్టెంబర్‌లో తొలగింది. నూకల మీద మాత్రం 2025 మార్చి దాకా ఉంది.