చిగుళ్ళ నెత్తురు, ఒంట్లో చక్కెర

డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో 12 మంది కావాలనే పళ్ళు తోముకోవడం మానేశారు. వాళ్ళలో ఎక్కువ మంది దంతవైద్య విద్యార్థులు, అందరివీ గట్టి చిగుళ్ళే. 10 నుంచి 21 రోజుల్లో ఒక్కరూ మిగలకుండా చిగుళ్ళ వాపు వచ్చింది. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో తగ్గింది. హెరాల్డ్ లోయె బృందం 1965లో ప్రచురించిన ఈ ప్రయోగంతో, చిగుళ్ళ వాపుకు మూలం పంటిమీది పాచేనని రుజువైంది.

పాచి అంటే ఇరుక్కున్న మెతుకులు కాదు, జిగురులో గూడు కట్టుకున్న సూక్ష్మజీవుల పొర. మెత్తగా ఉన్నంతసేపూ బ్రష్షుకు లొంగుతుంది. లాలాజలంలోని కాల్షియం చేరి గారగా గట్టిపడితే ఇక డాక్టరు చేతి పనే. ఆరోగ్యమైన చిగురుకూ పంటికీ మధ్య సందు మామూలుగా 3 మిల్లీమీటర్లు మించదు. వాపు ముదిరేకొద్దీ ఆ సందు లోతవుతుంది, పంటిని పట్టుకున్న ఎముక అరుగుతుంది. చాలామందికి నొప్పి ఉండదు, అదే చిక్కు. ఉమ్మిలో నెత్తురు జీర కనిపించినా 'బ్రష్షు గట్టిగా తగిలిందేమో' అని సరిపెట్టుకుంటాం.

షుగర్ ఉన్నవాళ్ళకు ఈ జీర ఇంకాస్త ముఖ్యం. రక్తంలో చక్కెర పెరిగితే సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి, నోరు ఎండుతుంది, చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. మరోవైపు చిగుళ్ళ వాపు నుంచి రక్తంలో కలిసే రసాయనాలు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. లోయె 1993లో చిగుళ్ళ జబ్బును మధుమేహం తెచ్చే ఆరో ఉపద్రవంగా లెక్కగట్టారు. చిగుళ్ళకు చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ సగటున 0.4 మేర తగ్గుతుందని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2022 నాటి సమీక్ష తేల్చింది. అంటే 8 ఉన్నది 7.6 దగ్గరికి. మందులు మానేసేంత కాదు, తీసిపారేసేదీ కాదు. అయినా షుగర్ పరీక్షకు వెళితే పాదాలు చూస్తారు, కళ్ళు చూపించుకోమంటారు. నోరు తెరవమనేవారు అరుదు.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం మన దగ్గర బలంగా ఉంది. నిజానికి ఎముక ముందే అరిగి ఉంటుంది. అడ్డుగా ఉన్న గార పోగానే ఆ కదలిక తెలుస్తుంది, నింద డాక్టరు మీద పడుతుంది.

ఇక గుండె సంగతి. చిగుళ్ళ జబ్బుకూ గుండెపోటుకూ సంబంధం కనిపిస్తోంది కానీ, ఇదే కారణమని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. ఈ జాగ్రత్త అవసరమే. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఒంటి రోగాలన్నిటికీ మూలం నోరేనని నమ్మి, అమెరికాలో, బ్రిటన్‌లో లెక్కలేనన్ని పళ్ళు పీకేశారు. మానసిక రోగులవి కూడా.

ఇంతకంటే గట్టి ఆధారం ఉన్నా పెద్దగా ప్రచారం లేనిది న్యుమోనియా విషయం. జపాన్ వృద్ధాశ్రమాల్లో కొందరికి సిబ్బంది రోజూ భోజనం తర్వాత పళ్ళు తోమారు. రెండేళ్ళలో వాళ్ళలో 11 శాతం మందికి న్యుమోనియా వస్తే, మిగతావాళ్ళలో 19 శాతం మందికి వచ్చింది. పొలమారినప్పుడు, నిద్రలో నోట్లోని సూక్ష్మజీవులు ఉమ్మితోపాటు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. మంచాన పడ్డ పెద్దలకు స్నానం చేయిస్తాం, తల దువ్వుతాం. కట్టుడు పళ్ళు తీసి కడగడం, మిగిలిన నాలుగు పళ్ళూ మెత్తటి బ్రష్షుతో తోమడం కూడా ఆ జాబితాలో చేరాల్సినవే.