అమెరికన్ బుల్‌డాగ్ పుట్టుక: అపోహలు – వాస్తవాలు

కుక్కపిల్లని అమ్మేటప్పుడు చెప్పే వంశ చరిత్రలో సగానికి పైగా కట్టుకథే. అమెరికన్ బుల్‌డాగ్ విషయంలో ఇది మరీ ఎక్కువ. అసలు చరిత్ర తెలిస్తే ఈ జాతికి ఈ ఒడ్డూ పొడుగూ ఎందుకొచ్చాయో, ఏ జబ్బులకి భయపడాలో రెండూ తెలుస్తాయి. అందుకే తరచూ వినబడే మాటల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: ఇవి రోమన్ల యుద్ధకుక్కల నేరు వారసులు.

వాస్తవం: ఆ వంశాన్ని తెగకుండా చూపించే రాతకోతలు ఎక్కడా లేవు. బుల్‌డాగ్ అనే మాట స్పష్టంగా కనిపించే పాత ఆధారాల్లో ఒకటి 1630ల నాటి ఉత్తరం. స్పెయిన్‌లోని శాన్ సెబాస్టియన్ నుంచి ఒకాయన లండన్‌కి రాస్తూ ఒక మంచి మాస్టిఫ్‌నీ (భారీ ఒంటి కాపలా కుక్కని), రెండు మంచి బుల్‌డాగ్‌లనీ పంపమని అడిగాడు. అంటే ఇంగ్లండులో అప్పటికే ఆ రెంటినీ వేరుగా చూసేవాళ్లు. ఆ రోజుల్లో బుల్‌డాగ్ అన్నది పనిని బట్టి వచ్చిన పేరు. ఎద్దు మూతి పట్టి కదలకుండా ఆపే కుక్క ఏదైనా బుల్‌డాగే. ఇంగ్లండు నుంచి వలస వెళ్లినవాళ్లు అమెరికా దక్షిణ రాష్ట్రాలకి తీసుకెళ్లింది ఆ పనికుక్కల్నే.

అపోహ: ముడతల మొహం ఇంగ్లిష్ బుల్‌డాగ్‌ని పెంచి పెద్దది చేస్తే అమెరికన్ బుల్‌డాగ్ వచ్చింది.

వాస్తవం: ఒకే మోడు నుంచి రెండు కొమ్మలు చీలాయి. ఎద్దుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆటని 1835లో బ్రిటన్ చట్టం నిషేధించింది. దాంతో అక్కడ బుల్‌డాగ్‌కి పని పోయింది. తర్వాత డాగ్ షోలు వచ్చాయి, 1875లో బుల్‌డాగ్ క్లబ్బు వచ్చింది, ఆకారం కోసం ఎంపిక మొదలైంది. ముక్కు లోపలికి పోయింది, కాళ్లు కురచయ్యాయి, తల పెరిగింది. 1817 నాటి క్రిబ్, రోసా అనే రెండు బుల్‌డాగ్‌ల చిత్రం దొరికితే చూడండి. పొడుగు కాళ్లు, ఓ మోస్తరు మూతి, సన్నని నడుము. ఇప్పటి షో కుక్క పక్కన పెడితే చుట్టాలని కూడా అనిపించదు. సముద్రం దాటిన కుక్కలకి మాత్రం పని పోలేదు.

అపోహ: అమెరికాలో వీటిని పెంచింది కుక్కల పోట్లాటలకి.

వాస్తవం: వీటిని నిలబెట్టింది పంది. 1539లో హెర్నాండో డి సోటో ఫ్లోరిడాలో దిగినప్పుడు పందుల్ని వెంట తెచ్చాడు. తర్వాత వచ్చినవాళ్లూ తెచ్చారు. దక్షిణాదిలో కంచె వేసేది పంటకే, పశువుకి కాదు. పందుల్నీ ఆవుల్నీ అడవిలోకి తోలేస్తే ఓక్ కాయలు తిని అవే బతికేవి. చెవి మీద ఏ ఇంటి కోత ఆ ఇంటిది. ఆ కోత గుర్తుని కౌంటీ ఆఫీసులో రాయించుకునేవాళ్లు. ఏడాదికోసారి మాంసానికో అమ్మకానికో పట్టాలంటే, సగం అడవిదైపోయిన పందిని మనిషి ఒక్కడూ పట్టలేడు.

పట్టే పద్ధతి ఇప్పటికీ అదే. ముందు వాసన పట్టే కుక్కలు పందిని వెతికి, చుట్టూ చేరి, మొరుగుతూ నిలబెడతాయి. మనిషి ఆ మొరుగుని బట్టి దగ్గరికి చేరాక అప్పుడు బుల్‌డాగ్‌ని వదులుతాడు. అది చెవినో, చెవి కింద దవడ కండనో పట్టి ఇక వదలదు. మనిషి వెనక నుంచి వెళ్లి వెనక కాళ్లు రెండూ ఎత్తి, పందిని పక్కకి పడేసి, కాళ్లు కట్టేస్తాడు. ఆ తర్వాతే కుక్క నోరు విడిపిస్తాడు.

ఈ జాతి ఒంటిని మలిచింది ఆ కాసేపటి పనే. నోటి నిండా పంది చెవి ఉన్నప్పుడు ఊపిరి ముక్కుతోనే తీసుకోవాలి. ముక్కు మరీ లోపలికి పోయిన కుక్క అక్కడే ఒగుర్చుతుంది, వేడెక్కి పట్టు జారవిడుస్తుంది. మూతి మరీ సన్నగా ఉంటే పట్టు చాలదు. బరువు మరీ ఎక్కువైతే కోర తప్పించుకునేంత చురుకు ఉండదు. తొందరపడి దూరం నుంచే వదిలితే పరుగుకే అలిసిపోతుంది, ఒంటరిగా పందికి చిక్కి మెడో రొమ్మో చీల్చుకుంటుంది. మెడకి వెడల్పాటి పట్టీ, ఛాతీకి దళసరి కవచం కట్టేది అందుకే. సమంగా ఉన్న నడుము, మోస్తరు మూతి, కాస్త ముందుకొచ్చిన కింది దవడ ఈ పని మిగిల్చిన గుర్తులు. ఇవి చూడకుండా తల సైజు చూసి కుక్కని మెచ్చుకోవడం మాకు బాధగా ఉంటుంది.

అపోహ: అసలు రకం జాన్సన్‌ది, మిగతావి సంకరాలు.

వాస్తవం: అడవిలోకి తోలే మేపు క్రమంగా ఆగిపోయింది. ఫ్లోరిడాలో 1949లో చట్టమే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతికి ఈ కుక్కలు పల్లెల్లో అక్కడక్కడా మాత్రమే మిగిలాయి. జార్జియాకి చెందిన జాన్ డి. జాన్సన్, ఆయనతో పాటు అలన్ స్కాట్ వంటివాళ్లు ఊరూరా తిరిగి మంచివాటిని పోగుచేశారు. 1970లో మొదటి రిజిస్ట్రేషన్ జరిగింది, అదీ అమెరికన్ పిట్ బుల్‌డాగ్ అన్న పేరుతో. ఇప్పటి పేరు తర్వాత వచ్చింది. తర్వాత ఇద్దరి దారులూ వేరయ్యాయి. జాన్సన్ తన లైనులోకి ఇంగ్లిష్ బుల్‌డాగ్ రక్తం తెచ్చాడు. స్కాట్ పొలాల్లో పందులు పట్టే వేరే కుక్కల్ని కలిపాడు. జాన్సన్ రకం బరువుగా, పొట్టి మూతితో ఉంటుంది. స్కాట్ రకం తేలిగ్గా, పొడుగు మూతితో ఉంటుంది. రెండు లైన్లలోనూ బయటి రక్తం ఉంది కాబట్టి ‘స్వచ్ఛం’ అనే మాటకి అర్థం లేదు. పైగా నేటి కుక్కల్లో చాలావాటిలో రెండు లైన్లూ కలిసే ఉన్నాయి.

అపోహ: అమెరికన్ బుల్లీ, పిట్‌బుల్, అమెరికన్ బుల్‌డాగ్ మూడూ ఒకటే.

వాస్తవం: కాదు. పిట్‌బుల్‌ది బుల్‌డాగ్, టెర్రియర్ కలిసిన వంశం. అమెరికాలో కుక్కల జాతుల్ని నమోదు చేసే సంస్థ యునైటెడ్ కెన్నెల్ క్లబ్ (యూకేసీ) దాన్ని 1898లోనే నమోదు చేసింది. బుల్లీ పిట్‌బుల్ వర్గం నుంచి తయారైన కొత్త జాతి, యూకేసీ గుర్తింపు 2013లో. అమెరికన్ బుల్‌డాగ్‌కి ఆ గుర్తింపు 1999 జనవరి 1న వచ్చింది. ప్రమాదకరమని చెప్పిన కుక్క జాతుల అమ్మకం, పెంపకం ఆపమంటూ 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకి పంపిన సర్క్యులర్‌లో కూడా అమెరికన్ బుల్‌డాగ్ పేరు పిట్‌బుల్‌తో కలపకుండా విడిగానే ఉంది. ఆ సర్క్యులర్‌ని మరుసటి నెలలో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది.

అపోహ: డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే పాత ఇంగ్లిష్ బుల్‌డాగ్ రక్తం ఎంతుందో తేలుతుంది.

వాస్తవం: ఆ పరీక్షలు మీ కుక్క నమూనాని ఇప్పుడు బతికున్న జాతుల నమూనాలతో పోలుస్తాయి. పాత బుల్‌డాగ్ అంతరించింది, పోల్చడానికి నమూనా లేదు. ‘పాత బుల్‌డాగ్ 80 శాతం’ అని ఎవరైనా చెబితే ఆ అంకె పరీక్షలోంచి వచ్చింది కాదు.

అపోహ: తెల్లగా ఉంటేనే అసలు రక్తం.

వాస్తవం: తెలుపు ఈ జాతిలో మామూలే. మసక వెలుగులో నల్ల పంది పక్కన తెల్ల కుక్క బాగా కనబడుతుందని పందులు పట్టేవాళ్లు దాన్ని ఇష్టపడతారు. కానీ రంగునిచ్చే కణాలు లోపలి చెవికి చేరకపోతే పిల్ల కొద్ది వారాల్లోనే చెవిటిదవుతుంది. వెనక చప్పట్లు కొట్టి చూస్తే ఒక్క చెవి చెవుడు బయటపడదు. అయిదో వారం దాటాక బేయర్ పరీక్ష (శబ్దానికి మెదడు స్పందనని కొలిచేది) చేయిస్తే ఏ చెవి వింటోందో విడివిడిగా తెలుస్తుంది.

అపోహ: మొరటు పనికుక్క వంశం కాబట్టి జబ్బులు రావు.

వాస్తవం: జాతి కొద్ది కుక్కల నుంచి మళ్లీ మొదలైంది కదా. వాటిలో దాగి ఉన్న లోపాలూ వాటితోనే పెరిగాయి. వాటిలో రెండు జబ్బులకి జన్యు పరీక్ష ఉంది. ఇక్తియోసిస్‌లో పిల్లల వయసు నుంచే చర్మం మీద జిడ్డు పొలుసులు రాలతాయి, పొట్ట చర్మం ముడతలు పడి ఎర్రబారుతుంది. రెండోది ఎన్‌సీఎల్ (న్యూరోనల్ సీరాయిడ్ లిపోఫస్సినోసిస్) అనే నరాల జబ్బు. ఏడాది నుంచి మూడేళ్ల మధ్య వెనక కాళ్లు తూలడంతో మొదలై ముదురుతూ పోతుంది.

కొనేటప్పుడు నాలుగు తరాల పెడిగ్రీ (వంశవృక్షం కాగితం) అడగండి. అందులో 30 పేర్లు ఉండాలి. తండ్రి వైపు తాత, తల్లి వైపు తాత ఒకే కుక్క అయితే పిల్లలో రక్తసంబంధం ఆ ఒక్క కారణంగానే 12.5 శాతం. సొంత అన్నాచెల్లెళ్లని కలిపితే 25. లోపం మోసే (తనకి జబ్బు లేకపోయినా లోపాన్ని పిల్లలకి అందించగల) రెండు కుక్కల్ని కలిపితే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి జబ్బు వస్తుంది, రెండు దాన్ని మోస్తాయి. లోపం మోసేదాన్ని లోపం లేనిదానితో కలిపితే ఆ జబ్బు ఏ పిల్లకీ రాదు, సగం మోస్తాయి. మోసేవాటన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టేస్తే అసలే చిన్నదైన వంశం ఇంకా కుంచించుకుపోతుంది. వాటిని లోపం లేని జోడుతోనే కలిపి, పుట్టిన ప్రతి పిల్లకీ పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని పెడిగ్రీకి జతచేసి ఇవ్వాలి.