మణిపూర్‌లో సూదుల మార్పిడి: భయం నుంచి చట్టం దాకా

మయన్మార్ సరిహద్దులోని మోరే మీదుగా వచ్చే ‘నంబర్ 4’ హెరాయిన్ 1980లలో మణిపూర్ యువతలో వేగంగా పాకింది. పొగగా పీల్చడంకన్నా నరానికి ఎక్కించుకుంటే తక్కువ సరుకుతోనే మత్తు వస్తుంది కాబట్టి, డబ్బు లేనివారు సూదివైపు మొగ్గారు. అయితే మందుల దుకాణంలో సిరంజి అడిగినవారిని అనుమానించేవారు. అది జేబులో దొరికితే పోలీసులకు సాక్ష్యం. దానితో ఇంకు డ్రాపర్‌కు సూది తగిలించి, ఆ ఒక్కదాన్నే నలుగురూ వాడుకోవడం మొదలైంది. 1989 దాకా పరీక్షల్లో జాడ లేని హెచ్‌ఐవి, 1990లో కొద్ది నెలల్లోనే సూదితో మత్తు తీసుకునేవారిలో సుమారు సగం మందిలో కనిపించింది.

ఇలాంటి అనుభవం బయటి దేశాలకూ ఉంది. సిరంజిలు దొరకడం కష్టమైన ఎడిన్‌బరోలో 1980లలో హెచ్‌ఐవి విపరీతంగా వ్యాపించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోనైతే 1984లోనే, హెపటైటిస్-బి భయంతో, మత్తుమందు వాడేవారి సంఘమే చొరవ తీసుకుని పాత సూదికి కొత్త సూది ఇచ్చే పద్ధతిని ఆరంభించింది.

మణిపూర్‌లో ఆ దారి సులువుగా తెరుచుకోలేదు. మత్తుకు లోనైనవారిని తిరుగుబాటు సాయుధ సంస్థలే శిక్షిస్తున్న రోజుల్లో, వారికి సూదులివ్వడం వ్యసనాన్ని పెంచడమేనన్న వాదన బలంగా వినిపించింది. అయినా 1996లో రాష్ట్రం తన ఎయిడ్స్ విధానంలో హాని తగ్గింపు మార్గాన్ని, అంటే మత్తు మానకపోయినా దానివల్ల వ్యాధులు సోకకుండా చూసే పద్ధతిని, చేర్చింది. 2007లో మొదలైన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ మూడో దశలో సూదుల మార్పిడి సేవ దేశంలోని ఇతర ప్రాంతాల్లోనూ విస్తరించింది.

వాడిన సూదుల విషయంలో ఈ కార్యక్రమానికి ఆసుపత్రికి లేని ఇబ్బంది ఒకటుంది. ఆసుపత్రిలో సూది వాడిన చోటే, మొన బయటికి పొడుచుకురాని గట్టి డబ్బా ఉంటుంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు దానికి తెలుపు రంగు కేటాయించి, లోపలివాటిని వేడితో శుద్ధి చేసి ముక్కలు చేయాలని చెబుతాయి. వీధిలో మత్తు తీసుకున్నవాడు మాత్రం ఆ సూదిని తనవెంట ఉంచుకుని మార్పిడి కేంద్రం దాకా నడవాలి. దారిలో పట్టుబడతానన్న భయం ఉంటే, ఎవరైనా దాన్ని కాలువలోనో పొదలోనో విసిరేస్తారు. ఒకప్పుడు మత్తు తీసుకున్నవారినే కార్యకర్తలుగా తీసుకుని, మత్తు తీసుకునేవారు గుమికూడే చోట్లకే డబ్బాలతో పంపడానికి కారణం ఇదే. సూదులు తిరిగి రాకపోవడాన్ని వాడేవారి నిర్లక్ష్యం కింద జమకట్టడం నా దృష్టిలో సగం నిజమే.

2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం శుభ్రమైన సూదులివ్వడం వంటి హాని తగ్గింపు చర్యలను నేరంగా చూడకూడదని స్పష్టం చేసింది. అది 2018 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చింది. కాగా హెరాయిన్ వాడకాన్ని ఏడాది వరకు జైలుశిక్షకు అర్హమైన నేరంగా చూసే 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది.