ఐరాస హెచ్‌ఆర్ అధిపతి చేతిలో ఏముంది, ఏం లేదు

పెద్ద కంపెనీలో మానవ వనరుల విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపిన వ్యక్తి ఐక్యరాజ్య సమితిలో అదే పనికి చేరితే, కొద్ది రోజుల్లోనే లెక్క తేలిపోతుంది. జీతాల స్కేలు తన పరిధిలో లేదు. దాన్ని అంతర్జాతీయ సివిల్ సర్వీస్ కమిషన్, అంటే ఐసీఎస్‌సీ, చూస్తుంది. కొత్త పోస్టు కావాలంటే సర్వసభ్య సభలో బడ్జెట్ చూసే ఐదో కమిటీ దాటి రావాలి. పెన్షన్‌కు వేరే బోర్డు ఉంది. తప్పు చేసిన ఉద్యోగిని తీసేసినా, ఆ ఉద్యోగి అప్పీలుకు వెళ్తే చివరి మాట సిబ్బంది వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌దే. అసిస్టెంట్ సెక్రటరీ జనరల్ హోదా ఉన్న అధికారికి ఇన్ని పగ్గాలు ఎందుకని బయటి వాళ్లు విసుక్కుంటారు. ఈ ఏర్పాటు ఎవరో ఒకరు కూర్చుని గీసిన పథకం కాదు. వందేళ్లలో వచ్చిన ఒక్కో పేచీ ఒక్కో నిబంధనను మిగిల్చి వెళ్లింది.

మొదటి పేచీ ఐరాసకు ముందున్న నానాజాతి సమితి నాటిది. అంతర్జాతీయ కార్యాలయంలో పనిచేసే వాళ్లు ఎవరి మనుషులు? వాళ్లను పంపిన ప్రభుత్వాలవా, సంస్థవా? తొలి ప్రధాన కార్యదర్శి ఎరిక్ డ్రమ్మండ్ బ్రిటిష్ సివిల్ సర్వీసు నుంచి వచ్చినవాడు. దేశాలు అరువిచ్చిన ప్రతినిధులతో కాకుండా, సంస్థకే జవాబుదారీగా ఉండే సిబ్బందితో ఆఫీసు నడపాలని పట్టుబట్టాడు. 1920లో బాల్ఫోర్ నివేదిక దీన్ని సూత్రంగా నిలబెట్టింది. మరుసటి ఏడు నోబుల్‌మేర్ కమిటీ జీతాల సంగతి తేల్చింది. అత్యధికంగా చెల్లించే జాతీయ ప్రభుత్వం తన ఉద్యోగులకు ఎంత ఇస్తుందో దాన్ని కొలబద్దగా పెట్టుకోవాలంది. అంతకంటే తక్కువిస్తే ఆ దేశం వాళ్లు రారు. ఎవరి దేశం స్కేలు వాళ్లకిస్తే పక్కపక్క కుర్చీల్లో ఒకే పని చేసే ఇద్దరికి రెండు జీతాలవుతాయి. అప్పట్లో ఆ కొలబద్ద బ్రిటన్. ఐరాస వచ్చాక అమెరికా ఫెడరల్ ప్రభుత్వం అయింది.

ఈ సూత్రం ఇప్పటికీ బతికే ఉంది. న్యూయార్క్‌లోని పీ-1 నుంచి డీ-2 దాకా (పీ అంటే ప్రొఫెషనల్, డీ అంటే డైరెక్టర్ గ్రేడు) ఉన్న ఐరాస అధికారుల నికర జీతాన్ని, వాషింగ్టన్‌లో అదే స్థాయి ఫెడరల్ ఉద్యోగుల జీతంతో పోలుస్తారు. రెండు నగరాల జీవన వ్యయంలో తేడాను తీసేస్తారు. అమెరికా జీతం 100 అనుకుంటే ఐరాసది 110 నుంచి 120 మధ్య, వీలైతే 115 దగ్గర ఉండాలి. పుట్టిన దేశం వదిలి రావడానికి ఇచ్చే పరిహారం లాంటిది ఆ పైమొత్తం. దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. అమెరికా 2011 నుంచి మూడేళ్లు తన ఉద్యోగుల జీతాల పెంపు ఆపేస్తే, ఆ సెగ ఐరాస జీతాలకూ తగిలింది. ఐరాస హెచ్‌ఆర్ అధిపతికి వాషింగ్టన్‌లో ఓటూ లేదు, మాటా లేదు. ఆ నిర్ణయం ఫలితాన్ని మాత్రం సిబ్బందికి తనే వివరించాలి.

జనరల్ సర్వీసు సిబ్బందికి, అంటే సహాయక పనులు చేసే జీ గ్రేడుల వాళ్లకు, దారి వేరు. వాళ్లకు 1949 నాటి ఫ్లెమింగ్ సూత్రం వర్తిస్తుంది. ఆ ఊళ్లో మంచి యజమానులు ఏమిస్తున్నారో సర్వే చేసి దాన్నిబట్టి స్కేలు కడతారు. ఒకే గదిలో కూర్చున్న పీ-3 అధికారి, జీ-6 సహాయకురాలి జీతాలు రెండు వేర్వేరు తర్కాల మీద నడుస్తాయి. కొన్ని నగరాల్లో సీనియర్ జీ-7 జీతం కొత్త పీ-2 జీతానికి దగ్గరగా రావడం అందుకే.

1952, 53 సంవత్సరాలు ఈ చరిత్రలో అసలు మలుపు. ఐరాస చార్టర్ 100వ అధికరణం సిబ్బంది ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోరాదని, ప్రభుత్వాలూ వాళ్లను ప్రభావితం చేయరాదని చెబుతుంది. కాగితం మీద అంత స్పష్టంగా ఉన్నా, మెకార్తీ కాలంలో, అంటే కమ్యూనిస్టుల కోసం వేట సాగిన రోజుల్లో, అమెరికా తన పౌరులైన ఐరాస ఉద్యోగుల విధేయతను పరీక్షించడం మొదలుపెట్టింది. 1953 జనవరిలో ట్రూమన్ ఇచ్చిన 10422 నంబరు ఉత్తర్వు దానికి పద్ధతి ఏర్పరచింది. విచారణ కమిటీల ముందు సమాధానం చెప్పకుండా రాజ్యాంగం ఇచ్చిన మౌన హక్కును వాడుకున్న పలువురిని ప్రధాన కార్యదర్శి ట్రిగ్వే లీ తొలగించాడు. వాళ్లు పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ట్రిబ్యునల్ 11 మందికి మొత్తం 1,79,420 డాలర్లు ఇవ్వమంది. ఆ డబ్బు సర్వసభ్య సభ మంజూరు చేయాలి. చేయకపోతే ఏమవుతుంది? ప్రశ్న అంతర్జాతీయ న్యాయస్థానానికి చేరింది. ట్రిబ్యునల్ నిజమైన న్యాయసంస్థ, దాని తీర్పు సంస్థను కట్టేస్తుంది, సభ దాన్ని కాదనడానికి వీల్లేదు అని 1954 జులైలో కోర్టు అభిప్రాయం చెప్పింది.

ఈ అభిప్రాయానికి ఉన్న విలువను హెచ్‌ఆర్ రంగంలోనే చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. ఐరాసకు 1946 ఒప్పందం ప్రకారం చట్టపరమైన రక్షణ ఉంది. ఉద్యోగి స్థానిక లేబర్ కోర్టుకు వెళ్లలేడు. లోపలి ట్రిబ్యునల్ ఒక్కటే దిక్కు. అది బలహీనంగా ఉంటే ఆ రక్షణకే ఎసరు వస్తుంది. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 1999లో యూరప్ అంతరిక్ష సంస్థ కేసులో దాదాపు ఇదే చెప్పింది. ఉద్యోగికి సహేతుకమైన మరో మార్గం ఉందా లేదా అన్నది సంస్థ రక్షణను నిలబెట్టడంలో ముఖ్యాంశమంది. అంటే మంచి ఫిర్యాదుల వ్యవస్థ సిబ్బందికి చేసే ఉపకారమే కాదు, సంస్థ తన తల కాపాడుకునే ఏర్పాటు కూడా.

స్వతంత్రత మీద దాడి రెండో వైపు నుంచీ వచ్చింది. 1960లో సోవియట్ నేత కృశ్చేవ్ ఒక్క ప్రధాన కార్యదర్శి స్థానంలో మూడు కూటముల ప్రతినిధులు ఉండాలన్నాడు. తటస్థుడైన అధికారి అనేవాడే ఉండడని సోవియట్ వాదన. దానికి అప్పటి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్షెల్డ్ 1961 మేలో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసంలో జవాబిచ్చాడు. ఆ ముగ్గురి పథకం వీగిపోయింది కానీ, సోవియట్ కూటమి దేశాలు తమ వాళ్లను నిర్ణీత కాలానికి మాత్రమే పంపే పద్ధతి కొనసాగింది. కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అనేది ఇంటి ప్రభుత్వం తేల్చే చోట, ఆ ఉద్యోగి ఎవరి మాట వింటాడో ఊహించడం కష్టం కాదు. శాశ్వత కాంట్రాక్టు మీద వాదన అంత ఘాటుగా సాగడానికి కారణం ఇదే.

ఉన్నత స్థాయికీ మినహాయింపు లేదు. రసాయనాయుధాల నిషేధ సంస్థ డైరెక్టర్ జనరల్ జోసే బుస్తానీని 2002లో అమెరికా చొరవతో సభ్యదేశాలు పదవీకాలం మధ్యలో తొలగించాయి. మరెన్నో అంతర్జాతీయ సంస్థల సిబ్బంది వివాదాలనూ చూసే అంతర్జాతీయ కార్మిక సంస్థ ట్రిబ్యునల్ మరుసటి ఏడాది ఆ నిర్ణయాన్ని కొట్టేసి నష్టపరిహారం ఇవ్వమంది.

దేశాల వాటా లెక్క

చార్టర్ 101వ అధికరణం మూడో పేరా నియామకాలకు ముందు సామర్థ్యం, యోగ్యత, నిజాయితీ చూడమంటుంది. ఆ వెంటనే, వీలైనంత విస్తృత భౌగోళిక ప్రాతినిధ్యానికి తగిన ప్రాధాన్యం ఇవ్వమంటుంది. రెండో వాక్యం కోసం దేశాలు పోట్లాడుకోని ఏడాది లేదు.

1980ల చివర్లో వచ్చిన సూత్రంలో మూడు పాళ్లున్నాయి. సభ్యత్వానికి 40 శాతం, జనాభాకు 5 శాతం, బడ్జెట్‌కు ఇచ్చే చందాకు 55 శాతం. లెక్క ఎలా పడుతుందో చూద్దాం. మొత్తం పోస్టులు 3,000 అనుకుంటే, 1,200 పోస్టులు 193 దేశాలకు సమానంగా పంచాలి. ఒక్కో దేశానికి 6.2 వస్తాయి. ప్రపంచ జనాభాలో 2 శాతం ఉన్న దేశానికి 150లో 3. చందాలో 1 శాతం ఇస్తే 1,650లో 16.5. మొత్తం 25.7. అటూ ఇటూ 15 శాతం వెసులుబాటు ఇస్తారు, అది 4.8 పోస్టులకు తగ్గకూడదు. కాబట్టి ఆ దేశం పరిధి దాదాపు 21 నుంచి 31. అంతకన్నా తక్కువైతే ‘తక్కువ ప్రాతినిధ్యం’ ఉన్న దేశం, ఎక్కువైతే ‘ఎక్కువ ప్రాతినిధ్యం’ ఉన్న దేశం.

మెలిక ఎక్కడంటే, ఈ లెక్కలోకి వచ్చేది రెగ్యులర్ బడ్జెట్ నుంచి జీతం తీసుకునే ప్రొఫెషనల్, ఆపై పోస్టుల్లో ఒక భాగమే. అనువాదకులు, దుబాసీలు లెక్కలో లేరు. జీ గ్రేడుల వాళ్లు లేరు. శాంతిరక్షణ మిషన్లలో ఉన్నవాళ్లు లేరు. సిబ్బందిలో చిన్న ముక్క మీద దేశాల ప్రతిష్ఠ అంతా మోపినట్టయింది. హెచ్‌ఆర్ అధిపతి దగ్గర ఈ లోటు పూడ్చడానికి ఉన్న కొద్ది సాధనాల్లో ఒకటి యువ నిపుణుల కార్యక్రమం. 2011లో పాత జాతీయ పోటీ పరీక్ష స్థానంలో వచ్చింది. అభ్యర్థి వయసు 32కు మించకూడదు, ప్రాతినిధ్యం లేని లేదా తక్కువున్న దేశం నుంచి రావాలి. ఇది కింది మెట్టు వరకే పనికొస్తుంది. అసలు పోటీ ఉండే పీ-5, డీ-1 స్థాయిల్లో ఖాళీ అప్పుడప్పుడే వస్తుంది, వచ్చినప్పుడు లోపలి వాళ్లే ముందుంటారు.

నియామకం ఎందుకంత నెమ్మది

ప్రకటన వెలువడ్డాక ఇన్‌స్పైరా అనే ఆన్‌లైన్ నియామక వ్యవస్థలో దరఖాస్తులు పడతాయి. అర్హత లేని వాళ్లను వడగడతారు: పీ-3కి 5 ఏళ్ల అనుభవం, పీ-4కు 7, పీ-5కు 10. తర్వాత రాతపరీక్ష, ప్యానెల్ ఇంటర్వ్యూ. ఆ పైన కేంద్ర సమీక్షా సంఘం ఫైలు చూస్తుంది. అది అభ్యర్థులను మళ్లీ తూచదు. ముందుగా ఆమోదించిన గీటురాళ్ల ప్రకారమే ఎంపిక సాగిందా అన్నదే చూస్తుంది. చివరికి విభాగాధిపతి సిఫార్సు జాబితాలోంచి ఒకరిని ఎంచుకుంటాడు, మిగిలిన వాళ్లు రోస్టర్‌లోకి, అంటే ముందు ముందు ఖాళీలకు పనికొచ్చే జాబితాలోకి వెళ్తారు. 120 రోజుల్లో ముగియాలన్నది లక్ష్యం. అది దాటిపోవడం మామూలే.

ఆలస్యమంతా ఒకే చోట పుడుతుందనుకుంటే పొరపాటు. నియామక మేనేజరు వందల దరఖాస్తులను ఒక్కడే చదవాలి, రోజువారీ పని ఆగదు. ప్యానెల్ సభ్యులు మూడు ఖండాల్లో ఉంటారు. ఇంటర్వ్యూ అయ్యాక ‘ఫ్రెంచ్ కూడా వస్తే బాగుండేది’ అని గీటురాయి మార్చాలనిపిస్తుంది. అక్కడే ఫైలు చెడుతుంది. తిరస్కరణకు గురైనవాడు ట్రిబ్యునల్‌కు వెళ్లినప్పుడు సంస్థ చూపాల్సింది పెద్దగా ఏమీ లేదు. అతని దరఖాస్తును పూర్తిగా, న్యాయంగా పరిశీలించామని కనీస స్థాయిలో చూపితే చాలు. 2011 నుంచి అప్పీళ్ల ట్రిబ్యునల్ పట్టుకున్న దారి ఇది. ఆ తర్వాత అన్యాయం జరిగిందని స్పష్టమైన సాక్ష్యంతో నిరూపించే భారం ఫిర్యాదీ మీద పడుతుంది. కానీ ఆ కనీసం కూడా కాగితం మీద ఉండాలి. మార్కులు వేసిన షీటు లేకపోతే, ఎంత నిజాయితీగా ఎంపిక చేసినా నిలబడదు.

ఈ ట్రిబ్యునల్ వ్యవస్థ పాతది కాదు. 1949లో పుట్టిన పరిపాలనా ట్రిబ్యునల్ ముందు ఫైళ్లు ఏళ్ల తరబడి నానేవి. సహోద్యోగులే అంతర్గత బోర్డుల్లో కూర్చునేవారు. 2006లో నిపుణుల బృందం దాన్ని మొత్తంగా మార్చమంది. 2009 జులై 1 నుంచి వృత్తి న్యాయమూర్తులతో రెండంచెల వ్యవస్థ మొదలైంది. నిర్ణయం చేతికందిన 60 రోజుల్లో ఉద్యోగి మేనేజ్‌మెంట్ పునఃపరిశీలన కోరాలి. న్యూయార్క్ అయితే 30, బయట అయితే 45 రోజుల్లో జవాబు రావాలి. ఆ తర్వాత వివాద ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 90 రోజులు. సరైన కేసులు కూడా గడువు దాటి పోతుంటాయి, సాధారణంగా ఒకే కారణంతో: ‘మాట్లాడి చూద్దాం’ అని ఉద్యోగి ఎదురుచూస్తాడు, గడియారం ఆగదు. అదే రోజు కాంట్రాక్టుల చిక్కుముడినీ విప్పి తాత్కాలిక, నిర్ణీత కాల, కొనసాగే అనే మూడు రకాలకు కుదించారు.

2019లో ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరెస్ సంస్కరణ మరో అడుగు వేసింది. విధానం ఒక విభాగానికి, నిర్వహణ సేవలు మరో విభాగానికి పంచి, నియామకాధికారాన్ని చాలావరకు కార్యాలయాధిపతులకే ఇచ్చేసింది. ఆలోచన మంచిదే. అయితే అధికారం కిందికి వెళ్లినంత వేగంగా హెచ్‌ఆర్ నైపుణ్యం వెళ్లలేదని నా అభిప్రాయం. చిన్న మిషన్‌లో ఇద్దరు హెచ్‌ఆర్ ఉద్యోగులు న్యూయార్క్ స్థాయి ఫైలు కట్టాలి.

ఏ మీట ఎవరి చేతిలో ఉందో జెనీవా తగాదా కళ్లకు కట్టింది. ప్రొఫెషనల్ సిబ్బంది మూల వేతనం ప్రపంచమంతా ఒకటే; దాని మీద ఊరిని బట్టి పోస్ట్ అడ్జస్ట్‌మెంట్ చేరుతుంది. నికర మూల వేతనం 80,000 డాలర్లు, గుణకం 60 అనుకుంటే 48,000 కలిసి 1,28,000 అవుతుంది. గుణకం కొద్దిగా తగ్గినా జేబుకు తెలుస్తుంది. 2017లో ఐసీఎస్‌సీ సర్వే తర్వాత జెనీవాలో దాన్ని తగ్గించారు. ఐసీఎస్‌సీకి ఆ అధికారమే లేదని కార్మిక సంస్థ ట్రిబ్యునల్ 2019లో చెప్పింది. ఐరాస సొంత ట్రిబ్యునల్ మాత్రం ఆ అధికారం ఉందని తేల్చింది. దాంతో ఒకే నగరంలో, ఒకే గ్రేడులో, కార్మిక సంస్థ ట్రిబ్యునల్ కిందికి వచ్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉద్యోగికి ఒక జీతం, ఐరాస కార్యాలయ ఉద్యోగికి ఇంకొకటి అయింది. 1921లో నోబుల్‌మేర్ కమిటీ వద్దనుకున్నది సరిగ్గా ఇదే.

ఇప్పుడు డబ్బు కరువు. 2025 మార్చిలో మొదలైన యూఎన్80 అనే సంస్కరణల కార్యక్రమం వెనుక 2026 బడ్జెట్‌లో పోస్టులను దాదాపు ఐదో వంతు తగ్గించే ప్రతిపాదన వచ్చింది. పోస్టులు పోయినప్పుడు ఎవరిని ఉంచాలో స్టాఫ్ రూల్ 9.6 చెబుతుంది: సామర్థ్యం, నిజాయితీ, సర్వీసు చూస్తూనే శాశ్వత, కొనసాగే కాంట్రాక్టుల వాళ్లకు మొదటి ప్రాధాన్యం, తర్వాత పోటీ పరీక్ష ద్వారా వచ్చి కొనసాగే కాంట్రాక్టు కోసం ఎదురుచూసే రెండేళ్ల నిర్ణీత కాల సిబ్బంది, ఆ తర్వాత మిగతా నిర్ణీత కాల కాంట్రాక్టులు. శాశ్వత ఉద్యోగికి మూడు నెలల నోటీసు, నిర్ణీత కాలం వాళ్లకు 30 రోజులు. ప్రభుత్వాల ఒత్తిడి నుంచి ఉద్యోగిని కాపాడటానికి పెట్టిన ఈ వరసే ఇప్పుడు ఎదురు తిరుగుతోంది. 2017 లింగ సమానత్వ వ్యూహం తర్వాత చేరిన మహిళల్లో, తక్కువ ప్రాతినిధ్యం ఉన్న దేశాల నుంచి ఇటీవల వచ్చినవాళ్లలో చాలామంది నిర్ణీత కాల కాంట్రాక్టుల్లోనే ఉన్నారు, అంటే వరసలో చివర.